తీగ లేని తీగ

ఇటీవల ఒక ఉదయమున మేము మా ప్రక్కయింటి అవ్వకు తోడుగా వీధి చివరనున్న చౌక ధరల దుకాణమునకు వెళ్లితిమి. అవ్వకు చూపు మందగించినది. సంచి మోయు బలము లేదు. కాని లెక్క మాత్రము తప్పదు. డీలరు బియ్యపు సంచిని కాటాపై పెట్టెను. కాటా ముఖమున ఎర్రని అంకెలు వెలిగినవి. రెండు మూరల దూరమున బల్లపైనున్న ఈ-పోస్ యంత్రములో అవే అంకెలు కనిపించినవి. రెంటికిని నడుమ తీగ ఏదియు లేదు.

అవ్వ బల్ల క్రిందికి వంగి వెదకి చూచి, "నాయనా, ఆ పెట్టెకు తూకము ఎవరు చెప్పినారు?" అని అడిగెను. డీలరు నవ్వి, "గాలి చెప్పిందవ్వా" అనెను. అవ్వకు నవ్వు రాలేదు. "గాలి మాట నమ్మేదెట్లా?" అని మా వైపు చూచెను.

గాలిలో మాటలు పంపుటయే మా వృత్తి. అయినను నిలుచున్న చోట ఆమెకు తృప్తి కలుగునట్లు సమాధానము చెప్పలేకపోతిమి. ఆమె ప్రశ్న చిన్నది కాదు. తూకమును డీలరు తన వ్రేలితో యంత్రములో నమోదు చేయుచున్నంత కాలము, ఇచ్చిన బియ్యము ఒకటి, వ్రాసిన లెక్క మరియొకటి అగుటకు వీలున్నది. కాటాయే తన తూకమును తానుగా చెప్పుకొన్నచో నడుమ మనిషి చేయి ఉండదు. ఈ ఉద్దేశముతోనే 2021వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ఆహార భద్రతా చట్టము క్రింది నిబంధనలను సవరించి, ఎలక్ట్రానిక్ కాటాలను ఈ-పోస్ యంత్రములతో జోడించుటను ప్రోత్సహించినది. ఆ జోడింపు కొన్నిచోట్ల తీగతో జరుగును. కొన్నిచోట్ల బ్లూటూత్ అను హ్రస్వదూర రేడియోతో జరుగును. ఆ రేడియో పని తీరును తెలియజేయుటయే ఈ ప్రసంగ విషయము.

తీగ లేని సంగతి తెలియవలెనన్న, ముందు తీగ సంగతి తెలియవలెను. యంత్రములు పరస్పరము మాటలాడుకొను పాత పద్ధతులలో ముఖ్యమైనది సీరియల్ పోర్టు. సీరియల్ అనగా వరుసగా అని అర్థము. ఇరుకు సందులో పెండ్లివారు ఒకరి వెనుక ఒకరు నడచినట్లు, అంకెలును అక్షరములును చిన్న చిన్న గుర్తులుగా విడివడి, ఒకే తీగపై ఒకదాని వెనుక ఒకటి పోవును. ఆ గుర్తులు రెండే: సున్న, ఒకటి. వీటిని బిట్లు అందురు.

ఉదాహరణకు కాటా "5" అను అంకెను పంపవలెననుకొందము. యంత్రముల లిపిలో ఆ అంకెకు 53 అను సంఖ్య కలదు. దానిని సున్నలతోను ఒకట్లతోను వ్రాసినచో 00110101 అగును. తీగపై అది చివరినుండి బయలుదేరును. అనగా 1, 0, 1, 0, 1, 1, 0, 0 అను వరుసలో పోవును. ముందుగా "వచ్చుచున్నాను" అని చెప్పుటకు ఒక సున్న, చివర "ముగిసినది" అని చెప్పుటకు ఒక ఒకటి చేర్చబడును. కావున ఒక్క అక్షరమునకు పది గుర్తులు. సెకనుకు 9,600 గుర్తుల వేగమున పంపినచో సెకనుకు 960 అక్షరములు చేరును.

ఆది గుర్తు, అంత్య గుర్తు అను ఈ ఏర్పాటు కంప్యూటరువారు కనిపెట్టినది కాదు. టెలిప్రింటరు నుండి వచ్చినది. ఒకప్పుడు వార్తా విభాగములలో టకటకమని కాగితముపై వార్తలను అచ్చొత్తిన టెలిప్రింటర్లు ఈ విధముగానే ఒక్కొక్క అక్షరమును అందుకొనెడివి. వాటి వేగము సాధారణముగా సెకనుకు 50 గుర్తులు మాత్రమే.

1960వ సంవత్సరమున అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘమువారు ఈ పద్ధతికి ఒక ప్రమాణమును నిర్ణయించిరి. దానికి ఆర్ఎస్-232 అని పేరు. 1969లో వెలువడిన దాని మూడవ సవరణ లోకమంతట వ్యాపించినది. ఆ ప్రమాణము ప్రకారము తీగపై విద్యుత్ పీడనము 3 నుండి 15 వోల్టుల వరకు ధనాత్మకముగా ఉన్నచో అది సున్న. అంతే ఋణాత్మకముగా ఉన్నచో అది ఒకటి.

ఆ కేబులులో పంపు తీగ ఒకటి, అందుకొను తీగ ఒకటి, భూమి తీగ ఒకటి ఉండును. వీటితోపాటు మర్యాద తీగలు కొన్ని కలవు. ఒకటి "నేను మేలుకొని ఉన్నాను" అని చెప్పును. ఒకటి "పంపవచ్చునా?" అని అడుగును. మరియొకటి "పంపుము" అని అనుమతించును. అందుకొను యంత్రము పనిలో ఉన్నచో ఆ అనుమతి తీగను క్రిందికి దించును. పంపు యంత్రము ఆగును. ఇరువురు పెద్దమనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డురాక సంభాషించుటకు ఎట్టి మర్యాద కావలెనో, యంత్రములకును అట్టి మర్యాదయే కావలసివచ్చినది.

ఈ ఏర్పాటు నిరాడంబరమైనది, చవుకైనది, చెడిపోయినచో బాగుచేయుట సులభము. కావుననే కాటాలు, బిల్లు యంత్రములు, ప్రయోగశాలల పరికరములు, కర్మాగారపు మీటలు లెక్కలేనన్ని దీనిని నమ్ముకొని నిర్మింపబడినవి. వాటిని నడపు ప్రోగ్రాములును "నా ఎదుట ఒక సీరియల్ పోర్టు ఉన్నది" అను నమ్మకముతోనే వ్రాయబడినవి.

ఇట్లుండగా 1994లో స్వీడన్ దేశమునందలి లుండ్ నగరమున ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్లు, సెల్‌ఫోనుకును దాని ఉపకరణములకును నడుమనున్న తీగను తొలగించు ప్రయత్నము ఆరంభించిరి. వారిలో ముఖ్యుడు యాప్ హార్ట్‌సెన్ అను డచ్చి ఇంజనీరు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కంపెనీలు కలిసి ఒక సంఘముగా ఏర్పడినవి. 1999లో మొదటి ప్రమాణము వెలువడెను. పదవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హరాల్డ్ అను రాజునకు "నీలిదంతుడు" అని మారుపేరు. విడివిడిగా ఉన్న తెగలను ఆయన ఏకము చేసినట్లు ఈ రేడియో వేర్వేరు యంత్రములను ఏకము చేయునను భావముతో, ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ సూచనపై, ఆ పేరే బ్లూటూత్ అని దీనికి నిలిచిపోయినది.

రేడియో అనగానే మన పాఠకులకు ప్రసార కేంద్రము స్ఫురించును. మధ్యతరంగ ప్రసారిణి వేల వాట్ల శక్తితో, కొన్నిచోట్ల లక్షల వాట్ల శక్తితో, ఊరూర వినబడునట్లు పలుకును. బ్లూటూత్ గుసగుసలాడును. పది మీటర్ల దూరమునకు ఉద్దేశింపబడిన పరికరము గరిష్ఠ శక్తి 2.5 మిల్లీవాట్లు, అనగా ఒక వాటులో నాలుగువందలవ వంతు. మన కేంద్రము ఒకే స్థానమున స్థిరముగా ఉండును; శ్రోత అక్కడికి ముల్లును త్రిప్పును. బ్లూటూత్ ఒకచోట నిలువదు. 2,402 నుండి 2,480 మెగాహెర్ట్‌జ్ వరకు గల 79 స్థానములలో సెకనుకు 1,600 సార్లు గంతులు వేయును. ఏ గంతు తరువాత ఏ గంతు వేయవలెనో మాటలాడుకొను రెండు పరికరములకును తెలియును.

ఈ గంతులకు కారణము లేకపోలేదు. ఆ తరంగ ప్రదేశము అందరిదీ. వైఫై అక్కడనే ఉన్నది; వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ అక్కడనే రొద చేయును. ఒకచోట అల్లరి ఎక్కువైనను, మరుక్షణము వేరొకచోట మాట సాగును. 2003లో వచ్చిన ప్రమాణము నుండి, రొదగల స్థానములను గుర్తించి తప్పించుకొను నేర్పును దీనికి అలవడినది. ఇంత చేసినను గాలిలో కొన్ని మాటలు చెడక మానవు. అందుచేత ప్రతి పొట్లమునకును ఒక సరిచూపు సంఖ్య జోడింపబడును. అందుకొనినవాడు లెక్క వేసి, సరియైనచో "అందినది" అనును. కానిచో పంపినవాడు మరల పంపును.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. పాత ప్రోగ్రామునకు తెలిసినది తీగ. బిట్ల ధార తెంపు లేక పారునని దాని నమ్మకము. గాలిలో ఉన్నవి పొట్లములు. అవి ఆగును, మరల వచ్చును. లోకమునందలి పాత ప్రోగ్రాములన్నిటిని తిరిగి వ్రాయుట సాధ్యము కాదు. కావున ఇంజనీర్లు వేరొక ఉపాయము పన్నిరి. నిజముగా లేని సీరియల్ పోర్టును ఉన్నట్లు నటించిరి.

ఈ నటన మా వృత్తివారికి కొత్తది కాదు. రేడియో నాటకములో గుర్రము పరుగెత్తవలసియుండును. స్టూడియోలోనికి గుర్రమును తీసికొనిరాము. రెండు కొబ్బరి చిప్పలను బల్లపై తాటించుదుము. శ్రోతకు గుర్రమే కనిపించును. శ్రోత చెవికి ఏ శబ్దము కావలెనో ఆ శబ్దము అందినచో గుర్రము లేని లోటు తెలియదు. అట్లే, పాత ప్రోగ్రామునకు పోర్టునుండి ఏ గుర్తులు రావలెనో అవి అందినచో తీగ లేని లోటు దానికి తెలియదు. ఈ నటనకు ఆర్ఎఫ్‌కామ్ అని పేరు. దీనిని కూడ పూర్తిగా కొత్తగా కల్పింపలేదు. ఒకే తీగపై అనేక సంభాషణలు నడుపుటకు జీఎస్ఎం సెల్‌ఫోన్లకై ఐరోపా ప్రమాణ సంస్థవారు రచించిన 07.10 అను నియమావళిని తీసికొని, తమకు కావలసినంత వాడుకొనిరి.

ఇక మన కాటాయు ఈ-పోస్ యంత్రమును ఎట్లు కలియునో వరుసగా చూతము. మొదటిది పరిచయము. ఒక రహస్య సంఖ్య మూలముగా రెండును జతకూడి, అటుపై ఒకదానినొకటి గుర్తించుటకు తగిన తాళమును భద్రపరచుకొనును. రెండవది విచారణ. యంత్రము కాటాను "నీయొద్ద సీరియల్ పోర్టు సేవ కలదా? ఎన్నవ వాకిటిలో?" అని అడుగును. కాటా 1 నుండి 30 వరకు గల సంఖ్యలలో ఒకదానిని చెప్పును. మూడవది తలుపు తట్టుట. సున్న సంఖ్య గల దారి రెంటి నడుమ మంతనములకు ప్రత్యేకింపబడినది. ముందు అది తెరువబడును. ఒక్కొక్క పొట్లమున ఎన్ని అక్షరములు పట్టవలెనో అక్కడ ఒప్పందము కుదురును. పిమ్మట అసలు వాకిలి తెరచుకొనును. రెండు పరికరముల నడుమ ఇట్టి సంభాషణలు 60 వరకు ఉండవచ్చునని ప్రమాణము చెప్పుచున్నది.

అప్పుడు తూకము బయలుదేరును. ఉత్తరము కవరులోనికి, కవరు తపాలా సంచిలోనికి, సంచి రైలులోనికి చేరినట్లు, అంకెలు ముందుగా ఆర్ఎఫ్‌కామ్ చట్రములోనికి చేరును. ఏ దారిదో, ఎంత పొడవుదో ఆ చట్రముపై వ్రాసియుండును. వేరుగా ఒప్పందము లేనిచో ఒక్కొక్క చట్రమున 127 అక్షరములకు మించి పట్టవు. ఆ చట్రము క్రింది అంతస్తునకు దిగి, రేడియో పొట్లములుగా మారి, గంతులు వేయుచు గాలిలో పోవును. అవతల అన్ని కవరులును విప్పబడి, అంకెలు మాత్రము ప్రోగ్రాము చేతికి అందును.

మరి మర్యాద తీగల మాటేమి? అవియును నటింపబడును. "మేలుకొని ఉన్నాను", "పంపవచ్చును" అను సంజ్ఞలు వోల్టులుగా గాక, ఒక చిన్న సందేశములోని బిట్లుగా పోవును. అందుకొనిన పక్షము వాటిని చూచి, తన ప్రోగ్రామునకు ఆయా తీగలు లేచినట్లో దిగినట్లో చూపును.

అన్నిటికంటె చక్కనిది 2001లో ప్రవేశించిన చీటీల పద్ధతి. అందుకొను యంత్రము తన గిడ్డంగిలో ఎంత చోటున్నదో చూచుకొని, పంపు యంత్రమునకు అన్ని చీటీలు ఇచ్చును. ఒక్కొక్క చట్రమునకు ఒక్కొక్క చీటీ ఖర్చగును. చీటీలు అయిపోయినచో కొత్త చీటీలు వచ్చువరకు పంపు యంత్రము ఊరక నిలువవలసినదే. రేషను కూపను ఎరిగిన వారికి ఇంతకు మించి వివరింపనక్కరలేదు. చోటు లేక అక్షరములు నేలపాలగు ప్రమాదము దీనిచే తప్పినది.

అయితే నటన ఎంత గొప్పదైనను నటనయే. కొబ్బరి చిప్పల గుర్రముపై ఎవరును ప్రయాణము చేయలేరు. ఈ తీగ నటనలోని లోపములను తెలిసికొననిచో అవ్వ బియ్యమునకే ముప్పు రాగలదు.

మొదటిది వేగము. పోర్టు వేగము 9,600 అని ప్రోగ్రాము నిర్ణయించినను గాలిలో ఆ సంఖ్యకు అర్థము లేదు. అంకెలు ఒకసారి గుంపుగా వచ్చును. ఒకసారి ఆగి వచ్చును. "25.000" అని కాటా పంపినది "2" అని ఒకమారు, "5.000" అని మరియొకమారు చేరవచ్చును. రెండవ ముక్కనే తూకమని తీసికొను తెలివితక్కువ ప్రోగ్రాము ఇరువదియైదు కిలోలను ఐదు కిలోలుగా వ్రాయును. కావున పంక్తి ముగింపు గుర్తు వచ్చువరకు వేచియుండి, మొత్తమును కలిపి చదువుట ధర్మము.

రెండవది పాత మాట. అనేక కాటాలు ఆగక తూకము చెప్పుచునే ఉండును. యంత్రము ఆలస్యముగా చదివినచో ఆ మాటలు వరుసలో పేరుకొనును. పళ్లెముపై నుండి సంచి దించిన తరువాత కూడ పాత తూకమే యంత్రమునకు వినబడవచ్చును. వరుసను ఖాళీ చేసి, కొత్త తూకమును మాత్రమే గ్రహింపవలెను.

మూడవది మౌనము. తీగను ఊడబెరికినచో మర్యాద తీగలు వెంటనే దిగును, యంత్రమునకు తెలియును. గాలిలో అట్లు కాదు. అవతలివాడు మాటలాడకున్నచో, దూరముగా పోయినాడో, రొదలో చిక్కినాడో తెలియదు. కొంతసేపు వేచి చూచిన పిమ్మటనే సంబంధము తెగినదని తీర్మానించుకొనును. ఆ గడువు వేరుగా నిర్ణయింపనిచో 20 సెకనులు. ఆ 20 సెకనులలో యంత్రముపై నిలిచియున్న అంకె బ్రతికియున్న అంకె కాదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. సీరియల్ పోర్టునకు మాట వినుట తెలియును గాని, మాటలాడువాడెవడో తెలియదు. ఆ విచారణ అంతయు జతకూడు వేళ జరుగవలసినదే. చవుక పరికరములు కొన్ని "1234" అను రహస్య సంఖ్యతోనే అంగడికి వచ్చును. లోకమంతటికి తెలిసినది రహస్యమెట్లగును? అట్టి చోట కాటాకు బదులు వేరొక పరికరము కాటా వేషము వేసికొని, లేని తూకమును చెప్పగలదు. యంత్రము దానిని కాటా మాటగానే నమ్మును. 2007లో వచ్చిన ప్రమాణమున ఇంతకంటె దృఢమైన పరిచయ విధానము ఏర్పరుపబడినది. కాని తాళము ఎంత మంచిదైనను, వేయనిచో ప్రయోజనము లేదు. తూనికలు కొలతల శాఖవారు కాటాపై వేయు ముద్ర కాటా తూకము సరియైనదని చెప్పును. ఆ తూకము దారిలో మారలేదని చెప్పుటకు వేరొక కాపలా కావలెను. కాటా తన ప్రతి మాటకును తానే ఒక రహస్య ముద్ర వేసి పంపుటయు, యంత్రము ఆ ముద్రను సరిచూచుకొనుటయు అట్టి కాపలా.

2010లో తక్కువ విద్యుత్తుతో నడచు కొత్త బ్లూటూత్ వచ్చినది. దానిలో ఈ సీరియల్ పోర్టు నటనకు ప్రమాణమైన చోటు లేదు. అయినను నిర్మాతలు ఎవరికి వారు అట్టి ఏర్పాటును దానిపై కల్పించుకొనుచున్నారు. పాత పద్ధతియు అంగళ్లలోని బిల్లు ముద్రణ యంత్రములలో, విద్యార్థులు కూర్చుకొను చిన్న చిన్న రోబోలలో ఇంకను జీవించియే ఉన్నది. టెలిప్రింటరు నాటి ఆది గుర్తు, అంత్య గుర్తు పోయినను, వాటిని నమ్ముకొనిన ప్రోగ్రాముల కొరకు వాటి నీడ నిలిచియున్నది.

ఈ సంగతులలో అవ్వకు కావలసినంత మరునాటి సాయంకాలము ఆమె అరుగుమీద కూర్చుండి చెప్పితిమి. తరంగముల సంగతి ఆమె పట్టించుకొనలేదు. "అయితే గాలిలో పోయేటప్పుడు చెడిపోతే మళ్లీ చెప్తుందన్నమాట" అని ఒకటి గ్రహించినది. "వేరేవాడు కాటా గొంతుతో మాట్లాడితే?" అని రెండవది తానే అడిగినది. ఇంజనీర్లు పుస్తకములు వ్రాసిన విషయమును ఆమె ఒక్క మాటలో పట్టుకొనెను.

మేము చెప్పిన ఉపాయము ఇది. సంచి పెట్టకముందు కాటాపై సున్న ఉన్నదా అని చూడవలెను. సంచి పెట్టిన పిమ్మట అంకె కదలక నిలిచెనా అని చూడవలెను. కాటా ముఖముపై అంకెయు, యంత్రముపై అంకెయు, చేతికి వచ్చిన రసీదుపై అంకెయు మూడును ఒకటి కావలెను. సంచి దించగానే యంత్రముపై అంకెయు సున్నకు దిగవలెను. ఏ ఒక్కటి తేడా వచ్చినను మరల తూచుమని అడుగుటకు కార్డుదారునకు హక్కు కలదు.

ఆ తరువాతి నెలలో అవ్వతో మరల వెళ్లితిమి. ఆమె తన మనుమరాలిని కూడ వెంట తెచ్చుకొనెను. కాటా వద్ద ఒకరు, యంత్రము వద్ద ఒకరు నిలిచిరి. మనుమరాలు యంత్రముపై అంకెను బిగ్గరగా చదివెను. అవ్వ కాటాపై అంకెను కన్నులు చికిలించి చూచి తల యూపెను. డీలరు కూడ నవ్వుచు, "ఏమవ్వా, గాలి మాట నమ్మినావా?" అనెను. "మా మనుమరాలు చదివింది కదా, నమ్మినాను" అని అవ్వ సంచి ముడి వేసికొనెను.